మజిల్‌లోడింగ్ రైఫిల్‌లో మందు కొలత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గొట్టం మూతి వైపు నుంచి మందును, గుండును దట్టించి పేల్చే పాత తరహా రైఫిళ్ళ మీద, అంటే మజిల్‌లోడర్ల మీద, పాఠకులు రాసిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. నల్ల తుపాకీ మందును దేనితో కొలవాలి, ఎంత కొలవాలి, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాం. చట్టం అనుమతించిన చోట, లైసెన్సు ఉన్నవారు, నిపుణుడు పరీక్షించి సరిగా ఉందని చెప్పిన తుపాకీతో లక్ష్యసాధన చేసే సందర్భాన్ని మాత్రమే దృష్టిలో ఉంచుకుని ఈ జవాబులు రాశాం.

ప్రశ్న: నా వద్ద .50 క్యాలిబర్ రైఫిల్, అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం ఉన్నది, ఉంది. తయారీదారు పుస్తకంలో సూచించిన విధంగా ఇత్తడి కొలత గొట్టాన్ని 60 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) గీత వద్ద పెట్టి మందు కొలుస్తున్నాను. అనుమానం వచ్చి ఆ మందును తూకం వేస్తే ఒకసారి 57, మరొకసారి 59, ఇంకొకసారి 61 గ్రెయిన్లు వచ్చింది. కొలత గొట్టాన్ని పక్కన పెట్టి ప్రతి మోతాదునూ తూచుకోవడం మంచిదా?

జవాబు: కొలత గొట్టాన్ని పక్కన పెట్టవలసిన అవసరం లేదు. మారవలసింది దానిని వాడే పద్ధతి. మీరు గమనించిన తేడా గొట్టంలోని లోపం వల్ల వచ్చినది కాకపోవచ్చు; మందు అందులోకి ప్రతిసారీ ఒకే విధంగా పడకపోవడం వల్ల వచ్చి ఉంటుంది. ధాన్యాన్ని కుంచంతో కొలిచేటప్పుడు కుదిపి కొలిస్తే ఒక లెక్క, కుదపకుండా కొలిస్తే మరొక లెక్క వచ్చినట్టే, మందు రేణువుల మధ్య ఉండే ఖాళీ తగ్గినప్పుడు అదే పరిమాణంలో ఎక్కువ బరువు ఇముడుతుంది. ఎత్తు నుంచి పోసినా, నెమ్మదిగా పోసినా, పోసిన తరువాత గొట్టాన్ని వేలితో తట్టినా, తట్టకపోయినా ఫలితం కొద్ది కొద్దిగా మారుతుంది.

కాబట్టి ఒక పద్ధతి నిర్ణయించుకుని దానికే కట్టుబడండి. కొలత గొట్టాన్ని నిలువుగా పట్టుకోండి, మందును అంచుకు కొంచెం పైకి వచ్చేవరకు పోయండి, గొట్టం పక్కను వేలితో లెక్కపెట్టి ప్రతిసారీ అన్నే సార్లు తట్టండి, కిందికి దిగిన మేరకు మళ్ళీ నింపండి, ఆపైన అంచు మీద పొర్లిన మందును గరాటు మూతతో గాని, పలుచని చెక్కముక్కతో గాని చదును చేయండి. ఎన్నిసార్లు తట్టాలన్నది మీ ఇష్టం. ఆ సంఖ్య మారకపోవడమే ముఖ్యం. ఇలా పది మోతాదులు కొలిచి, వాటన్నిటినీ కలిపి తూచి, వచ్చిన బరువును పదితో భాగిస్తే మీ గొట్టం, మీ చెయ్యి కలిసి సగటున ఎంత మందు ఇస్తున్నాయో తెలుస్తుంది. అసలు సిసలు నల్ల మందు విషయంలో తూకపు యంత్రాన్ని ఇలా కొలత గొట్టాన్ని సరిచూసుకోవడానికి వాడండి. ప్రతి తూటాకూ దానిని ఆశ్రయించనక్కరలేదు.

ఒక గ్రెయిన్ అటూ ఇటూ అయితే ఏమవుతుందన్న ఆందోళనకు కూడా ఇక్కడే జవాబు చెప్పుకోవాలి. .50 క్యాలిబర్ రైఫిల్‌లో ఒక గ్రెయిన్ మందు పెరిగితే గుండు వేగం సుమారుగా సెకనుకు పది అడుగులు పెరుగుతుంది. ఆ గుండు గొట్టం దాటేది సెకనుకు పదిహేను వందల అడుగులకు అటూ ఇటూ వేగంతో. గుండు చుట్టూ చుట్టే గుడ్డముక్క మందం, దానికి పట్టిన జిడ్డు, గొట్టంలో పేరుకున్న మడ్డి, గుండును దిగ్గొట్టినప్పుడు చేతి ఒత్తిడి, వీటిలో ఏ ఒక్కటి మారినా వేగంలో అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. నల్ల మందు ఈ విషయంలో ఓర్పు గల మందు. తూకం మీద గంటలు గడిపి, గుండును మాత్రం ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా దిగ్గొట్టేవారికి ఆ శ్రమ వల్ల దక్కేది ఏమీ ఉండదు.

అయితే చాలా దూరపు లక్ష్యాల మీద కాల్చేవారి పరిస్థితి వేరు. 1874లో అమెరికాలోని క్రీడ్‌మూర్ మైదానంలో ఐరిష్ జట్టు రిగ్బీ మజిల్‌లోడర్లతోను, అమెరికన్ జట్టు వెనుక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్ళతోను 800, 900, 1000 గజాల దూరాల మీద పోటీపడినప్పుడు, 934కు 931 పాయింట్లతో, అంటే కేవలం మూడు పాయింట్ల తేడాతో ఐరిష్ జట్టు ఓడిపోయింది. అంత దూరంలో వేగపు తేడా లక్ష్యం మీద నిలువు తేడాగా కనిపిస్తుంది కాబట్టి, అటువంటి కాల్పులకు మోతాదులను ముందే జాగ్రత్తగా తూచి విడివిడిగా ఉంచుకోవడంలో అర్థం ఉంది. 50, 100 గజాల లక్ష్యాలకు మంచి కొలత గొట్టం చాలు.

ప్రశ్న: నల్ల మందు దొరకక దానికి బదులుగా అమ్మే ఆధునిక మందు తెచ్చుకున్నాను. కొలత గొట్టంలో 100 గ్రెయిన్ల గీత వరకు పోసి తూచితే 70 గ్రెయిన్లే తూగింది. గొట్టం చెడిపోయిందా? తూకంలో 100 వచ్చేవరకు మందు కలపాలా?

జవాబు: కలపకండి. ఈ శీర్షికలో మరేదీ చదవకపోయినా ఈ ఒక్క జవాబు తప్పక చదవవలసిందిగా పాఠకులందరినీ కోరుతున్నాం.

మీ కొలత గొట్టం మీద ఉన్న గ్రెయిన్ల అంకెలు నిజానికి బరువును చెప్పవు. అంత బరువు గల నల్ల మందు ఎంత చోటు ఆక్రమిస్తుందో ఆ చోటును చెబుతాయి. నల్ల మందును వదులుగా పోసినప్పుడు దాని సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల 100 గ్రెయిన్ల గీత అంటే సుమారు ఆరున్నర ఘన సెంటీమీటర్ల చోటు. అసలైన నల్ల మందు పోస్తే ఆ చోటులో 100కు దగ్గరగా తూగుతుంది. తేలికైన మందు పోస్తే తక్కువ తూగుతుంది. గొట్టం రెండు సందర్భాలలోనూ సరిగానే ఉంది.

ప్రత్యామ్నాయ మందులు తయారుచేసినవారు వాటిని బరువులో గాక పరిమాణంలో నల్ల మందుకు సమానంగా ఉండేలా రూపొందించారు. వాటిలో పైరోడెక్స్ అనేది నల్ల మందు కంటే బాగా తేలిక. అయినా కొలత గొట్టంలో నల్ల మందుకు వాడే గీత వద్దనే దానిని కొలవాలని చెబుతారు. బ్లాక్‌హార్న్ 209 అనే మరొక ప్రత్యామ్నాయ మందు విషయంలో 100 గ్రెయిన్ల పరిమాణం 70 గ్రెయిన్ల బరువుకు సమానమని లెక్క. మీకు వచ్చిన అంకె కూడా సరిగ్గా అదే. ఇప్పుడు తూకంలో 100 వచ్చేవరకు మీరు మందు కలిపారనుకోండి. అది పరిమాణంలో సుమారు 143 గ్రెయిన్లవుతుంది. ఆ మందు తయారీదారు అనుమతించిన గరిష్ఠ పరిమాణం 120 గ్రెయిన్లు. తూకం సరిగా ఉందన్న ధీమాతోనే ఇలా తుపాకీని పేల్చేసుకునే స్థితికి చేరుకోవడం సాధ్యం.

ట్రిపుల్ సెవెన్ అనే మందుది ఇంకొక రకం. పరిమాణం సమానంగా తీసుకుంటే అది నల్ల మందు కంటే ఎక్కువ శక్తినిస్తుంది కాబట్టి, నల్ల మందుతో వచ్చే వేగమే కావాలనుకునేవారు 15 శాతం తగ్గించి కొలవాలని దాని తయారీదారు సూచన. అంటే 60 గ్రెయిన్ల నల్ల మందు వాడే రైఫిల్‌లో 51 గ్రెయిన్ల గీత. ఇన్ని రకాలకు ఇన్ని లెక్కలు ఉన్నందువల్ల ఒక మందుకు కుదిరిన మోతాదును మరొక మందుకు మార్చి రాసుకోవడం, రెండు రకాల మందులను కలపడం, పాత డబ్బాలో కొత్త మందు పోసి పెట్టుకోవడం పూర్తిగా మానుకోవాలి. మందును అది వచ్చిన డబ్బాలోనే, దాని పేరు కనిపించేలా ఉంచాలి. డబ్బా మీది సూచన, తుపాకీ పుస్తకంలోని సూచన వేరువేరుగా ఉంటే వాటిలో తక్కువ మోతాదును పాటించాలి. కొన్ని పాత తరహా రైఫిళ్ళలో కొన్ని ప్రత్యామ్నాయ మందులను వాడనే కూడదు. చెకుముకి రాయితో నిప్పు పుట్టించే తుపాకీలలో అవి సరిగా అంటుకోవు కూడా.

ఆధునిక తూటాలలో ఉండే స్మోక్‌లెస్ పౌడర్, అంటే పొగ రాని మందు, ఈ జాబితాలో ఎక్కడా లేదు. దానిని కొలత గొట్టంతో గాని, తూకంతో గాని, ఎంత తక్కువగానైనా నల్ల మందు కోసం చేసిన మజిల్‌లోడర్‌లో వాడకూడదు. అది పుట్టించే ఒత్తిడిని తట్టుకునేలా ఆ గొట్టాలను తయారుచేయలేదు. గొట్టం చీలి చేతివేళ్ళు, చూపు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఏ మందో తెలియని పొడి, పేరు చెరిగిపోయిన డబ్బాలోని పొడి కూడా ఈ కోవకే చెందుతుంది. దానిని తుపాకీలో పోయకండి.

ప్రశ్న: గ్రెయిన్, గ్రాము, డ్రామ్ అనే మూడు ప్రమాణాలూ పాత పుస్తకాలలో కనిపిస్తున్నాయి. వీటి మధ్య సంబంధం చెప్పగలరా?

జవాబు: ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు, ఒక ఔన్సుకు 437.5 గ్రెయిన్లు. ఔన్సులో పదహారో వంతు డ్రామ్ కనుక ఒక డ్రామ్‌కు సుమారు 27.3 గ్రెయిన్లు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. తులం లెక్క అలవాటైనవారికి చెప్పాలంటే పాత తులానికి 180 గ్రెయిన్లు. అంటే 60 గ్రెయిన్ల మోతాదు తులంలో మూడో వంతు, నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ. ఎలక్ట్రానిక్ తూకపు యంత్రాలు చాలావరకు గ్రాములలోనూ గ్రెయిన్లలోనూ చూపగలవు కాబట్టి, తూచే ముందు ఏ ప్రమాణం మీద ఉందో చూసుకోవడం తప్పనిసరి. గుండు బరువు చెప్పేటప్పుడు వాడే గ్రెయిన్లు మాత్రం అచ్చంగా బరువే: .490 అంగుళాల సీసపు గుండు సుమారు 177 గ్రెయిన్లు తూగుతుంది.

ప్రశ్న: మా పెద్దలు గుండును అరచేతిలో పెట్టుకుని అది మునిగేంతవరకు మందు పోస్తే అదే సరైన మోతాదు అనేవారు. ఇది నిజమేనా? తయారీదారు పుస్తకం లేని రైఫిల్‌కు మోతాదును ఎలా నిర్ణయించాలి?

జవాబు: అరచేతి పద్ధతి తరతరాలుగా చెప్పుకుంటున్నదే గాని దానిని కొలతగా తీసుకోలేము. అరచేతి గుంట లోతు మనిషి మనిషికీ మారుతుంది, వేళ్ళు కొంచెం ముడిస్తే మందు కుప్పగా నిలుస్తుంది, చాపితే పరుచుకుంటుంది. ఒకే మనిషి ఒకే గుండుకు రెండుసార్లు పోసి కొలత గొట్టంలో చూసుకుంటే ఈ సంగతి తేలిపోతుంది.

పుస్తకం లేని రైఫిల్ విషయంలో మొదటి పని మందుకు సంబంధించినది కాదు. గొట్టం లోపలి వ్యాసాన్ని, గోడ మందాన్ని, వెనుక మూసిన మర బిగువును, నిప్పు వెళ్ళే రంధ్రం అరుగుదలను తెలిసిన తుపాకీ నిపుణుడి చేత పరీక్షింపజేయాలి. తయారీదారు గుర్తు గొట్టం మీద ఉంటే ఆ సంస్థ ప్రచురించిన మోతాదులను సంపాదించవచ్చు. గోడకు తగిలించుకోవడానికి మాత్రమే చేసిన నకలు తుపాకీలు కూడా ఉంటాయి. వాటిలో ఎంత తక్కువ మందు పోసినా ప్రమాదమే.

తుపాకీ సరైనదని తేలిన తరువాత, గుండ్రని సీసపు గుండును గుడ్డముక్కతో చుట్టి వాడే రైఫిళ్ళకు ప్రచారంలో ఉన్న సంప్రదాయ ఆరంభ మోతాదు క్యాలిబర్ అంకెకు సమానమైన గ్రెయిన్లు: .45కు 45, .50కు 50. అక్కడి నుంచి ఐదేసి గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, ఒక్కొక్క మోతాదుతో ఐదు గుండ్లను ఒకే గురి మీద, ఏదైనా స్థిరమైన ఆధారం మీద తుపాకీని ఆనించి కాల్చాలి. గుండ్ల రంధ్రాలు ఒకచోటికి చేరుతూ వస్తాయి, ఒక మోతాదు వద్ద బాగా దగ్గరవుతాయి, దానిని దాటితే మళ్ళీ చెదురుతాయి. ఆ దగ్గరైన మోతాదే మీ రైఫిల్‌ది. పెంచుకుంటూ పోయే ఈ ప్రయత్నం తయారీదారు గరిష్ఠ మోతాదు వద్ద ఎలాగూ ఆగాలి. ఆ అంకె తెలియకపోతే ఆరంభ మోతాదుకు దగ్గరలోనే ఆగాలి. గుండుకు మొదట చుట్టిన మందంలోనే ఉండే గుడ్డ, అదే జిడ్డు, అదే బిగువు ఈ పరీక్ష పొడవునా మారకుండా చూసుకోకపోతే, చెదిరినది మందు వల్లనో గుడ్డ వల్లనో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎక్కువ మందు పోస్తే ఎంతవరకు ప్రయోజనం అన్నదానికి డావెన్‌పోర్ట్ సూత్రమనే ఒక లెక్క కూడా వాడుకలో ఉంది. గొట్టం లోపలి ఖాళీలో ప్రతి ఘన అంగుళానికి 11.5 గ్రెయిన్ల మందు సమర్థంగా కాలుతుందని, దానిని మించి పోసినకొద్దీ దక్కే వేగం తగ్గుతూ వస్తుందని ఆ సూత్రం చెబుతుంది. .50 క్యాలిబర్, 28 అంగుళాల గొట్టంలో ఉన్న ఖాళీ సుమారు 5.5 ఘన అంగుళాలు, 11.5తో గుణిస్తే 63 గ్రెయిన్లు. .45 క్యాలిబర్, 32 అంగుళాల గొట్టానికి 58 చిల్లర వస్తుంది. ఇది మందు వృథా కాకుండా చూసుకునే లెక్క మాత్రమే. గొట్టం ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందో అది చెప్పదు కాబట్టి భద్రతకు హామీగా దానిని తీసుకోకూడదు.

నేల మీద తెల్లని గుడ్డ పరిచి, దాని మీద కాలని మందు పడిందేమో చూసి మోతాదును నిర్ణయించుకోవాలని కొందరు చెబుతారు. నల్ల మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. పొగలో తేలేదీ, గొట్టానికి అంటుకునేదీ అదే. గుడ్డ మీద పడిన నల్లని రేణువు కాలని మందో, కాలిన మందు మిగిల్చిన మడ్డో కంటితో తేల్చడం కష్టం. ఐదు గుండ్ల రంధ్రాలు చెప్పే సమాధానం దీనికంటే ఎంతో నమ్మదగినది.

ప్రశ్న: మూడు ఎఫ్‌ల మందుకు, రెండు ఎఫ్‌ల మందుకు ఒకే గీత వద్ద కొలవవచ్చా?

జవాబు: ఒకే గీత వద్ద మొదలుపెట్టకండి. డబ్బా మీద ఎఫ్ అక్షరాలు పెరిగినకొద్దీ రేణువు చిన్నదవుతుంది. నల్ల మందు ప్రతి రేణువూ పైపొర నుంచి లోపలికి కాలుతుంది. చిన్న రేణువులు ఉన్నచోట కాలే ఉపరితలం మొత్తం మీద ఎక్కువగా ఉంటుంది కాబట్టి మందు త్వరగా కాలి ఒత్తిడి త్వరగా పెరుగుతుంది. రెండు ఎఫ్‌ల మందుతో స్థిరపడిన మోతాదు నుంచి మూడు ఎఫ్‌ల మందుకు మారేటప్పుడు పది నుంచి పదిహేను శాతం తగ్గించి, మళ్ళీ పరీక్షించుకుంటూ రావడం అనుభవజ్ఞుల ఆనవాయితీ. సాధారణంగా .45 వరకు మూడు ఎఫ్‌ల మందును, .50 నుంచి పైకి రెండు ఎఫ్‌ల మందును, పెద్ద గొట్టపు మస్కెట్లకు ఒక ఎఫ్ మందును వాడతారు. నాలుగు ఎఫ్‌ల మందు చెకుముకి తుపాకీ పళ్ళెంలో రంజకంగా, అంటే ప్రధాన మందుకు నిప్పు అందించే పొడిగా, వాడడానికి ఉద్దేశించినది. దానిని గొట్టంలో ప్రధాన మోతాదుగా పోయకూడదు. పళ్ళెంలో పోసే ఆ చిటికెడు రంజకాన్ని ప్రధాన మోతాదులో కలిపి లెక్కించనూ కూడదు.

ప్రశ్న: మందు నిల్వ ఉంచుకునే నా కొమ్ముకు చివర కొలత మూత ఉంది. దానితో నేరుగా గొట్టంలోకి పోస్తే సమయం కలిసివస్తుంది కదా, ఎందుకు వద్దంటారు?

జవాబు: గొట్టం అడుగున క్రితంసారి పేలుడు తాలూకు నిప్పురవ్వ ఒక్కటి మిగిలి ఉన్నా, పోస్తున్న మందు అంటుకుంటుంది. విడిగా కొలిచిన 60 గ్రెయిన్లే ఆ సమయంలో మీ చేతిలో ఉంటే ఆ 60 గ్రెయిన్లే భగ్గుమంటాయి. అది కూడా ప్రమాదమే గాని ప్రాణం దక్కుతుంది. కొమ్ములో ఉన్న అర పౌండు మందు గొట్టం మూతికి ఆని ఉంటే, 3500 గ్రెయిన్లు మీ ముఖం ముందు పేలుతాయి. కొమ్ము నుంచి విడి కొలత గొట్టంలోకి పోసుకోవాలి, కొమ్ముకు మూత పెట్టి దూరంగా జరపాలి, ఆ తరువాతనే కొలత గొట్టం నుంచి తుపాకీలోకి పోయాలి. పోసేటప్పుడు ముఖాన్ని గాని, అరచేతిని గాని గొట్టం మూతికి ఎదురుగా పెట్టకూడదు.

అంతర్జాతీయ మజిల్‌లోడింగ్ పోటీలలో మోతాదులను ముందుగానే కొలిచి చిన్న చిన్న సీసాలలో విడివిడిగా తెచ్చుకోవాలన్న నియమం ఉన్నది ఇందుకే. ఆ పద్ధతి కొత్తదేమీ కాదు. పదిహేడో శతాబ్దపు సిపాయిలు భుజానికి అడ్డంగా వేసుకున్న పటకాకు ఒక్కొక్క మోతాదు పట్టే కొయ్య డబ్బీలు వేలాడేవి. తరువాత కాగితపు తూటాలు వచ్చాయి: కాగితపు గొట్టంలో ముందే కొలిచిన మందు, దాని వెంట గుండు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలో రెండున్నర డ్రాములు, అంటే సుమారు 68 గ్రెయిన్ల మందు ఉండేది. 1857లో మన సిపాయిల ఆగ్రహానికి కారణమైన కొవ్వు పూసిన తూటాలు ఇవే. పంటితో చివర కొరికి, కొలిచి ఉన్న మందును గొట్టంలో పోయడానికి వీలుగా వాటిని చేశారు. కొలవడమనే పనిని యుద్ధభూమి నుంచి తప్పించి, తీరికగా చేయగలిగిన చోటికి మార్చడం వాటి ముఖ్య ప్రయోజనం. మైదానంలో తొందర ఉంటుందనుకునేవారు ఇంటి వద్దనే ప్రశాంతంగా, నిప్పుకు దూరంగా కూర్చుని సీసాలు నింపుకుంటే మీరు కోరిన సమయం కూడా కలిసివస్తుంది.

ప్రశ్న: మాటల మధ్యలో పడి, గొట్టంలో మందు పోశానో లేదో మరచిపోయిన సందర్భాలు ఎదురవుతున్నాయి. రెండుసార్లు పోసినా, అసలు పోయకపోయినా తెలుసుకునే మార్గం ఏమిటి?

జవాబు: దట్టించే కడ్డీ మీద రెండు గీతలు గీయండి. గొట్టం పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీని అడుగు తగిలేవరకు దించి, గొట్టం అంచు వద్ద మొదటి గీత పెట్టాలి. మీరు స్థిరపరచుకున్న మోతాదు, గుడ్డ, గుండు దిగ్గొట్టిన తరువాత మళ్ళీ అంచు వద్ద రెండో గీత పెట్టాలి. ప్రతిసారీ గుండు దింపిన తరువాత రెండో గీత అంచుకు సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి. గీత అంచుకు పైన నిలిచిపోతే మూడు కారణాలు ఉండవచ్చు: మందు రెండుసార్లు పడి ఉండాలి, గుండు మీద గుండు దిగి ఉండాలి, లేదా మడ్డి అడ్డుపడి గుండు మందు దాకా చేరకపోయి ఉండాలి. గీత అంచు లోపలికి దిగిపోతే మందు తక్కువగా ఉన్నట్టు, లేదా లేనట్టు.

ఈ మూడింటిలో గుండు మధ్యలో నిలిచిపోవడాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉన్నప్పుడు పేలిస్తే, ఆ ఖాళీ ముగిసే చోట గొట్టం ఉంగరంలా ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు. కొలత ఎంత ఖచ్చితంగా ఉన్నా గుండు మందును ఆనుకుని కూర్చోకపోతే ఆ కొలతకు విలువ లేదు. ప్రతిసారీ ఒకే ఒత్తిడితో గుండును దించడానికి వీలుగా, ఒక్కొక్క గుండు పేల్చిన తరువాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి గొట్టాన్ని తుడవడం అలవాటు చేసుకోండి. నిప్పురవ్వలను ఆర్పే పని కూడా తడిగుడ్డే చేస్తుంది.

గీత చూసి అనుమానం వచ్చిన తుపాకీని పేల్చి అనుమానం తీర్చుకోకూడదు. నిప్పు పుట్టించే చిన్న లోహపు క్యాప్ ఉంటే తీసేయాలి, పళ్ళెంలో రంజకం ఉంటే తుడిచేయాలి, మూతిని మనుషులు లేని వైపు ఉంచాలి. గుండును వెనక్కు లాగే మరచీల ఉన్న కడ్డీతో గాని, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో గుండును బయటికి నెట్టే పరికరంతో గాని లోపలిది తీసివేసి, గొట్టాన్ని తుడిచి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ పరికరాలు చేతిలో లేకపోతే, తెలిసినవారు వచ్చేదాకా ఆగండి. క్యాప్ పెట్టడం, రంజకం పోయడం ఎప్పుడూ చివరి పనిగా, కాల్పుల గీత వద్ద నిలబడి, మూతిని లక్ష్యం వైపు తిప్పిన తరువాతనే చేయండి. మందు పోయడం మొదలుపెట్టిన దగ్గర నుంచి గుండు దింపి గీత చూసుకునేవరకు ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మీరు చెప్పిన మరపుకు అవకాశమే ఉండదు. పక్కవారు పలకరిస్తే, దట్టించడం పూర్తయ్యాక బదులివ్వవచ్చు.